టాక్సీ డ్రైవరును యువతరమును

మన యువజనులను గూర్చి తీర్పు చెప్పువారికి కొదవ లేదు. స్నాతకోత్సవములందు ఉపన్యాసకులు చెప్పుచున్నారు. పెండ్లి పందిళ్లలో పెద్దలు చెప్పుచున్నారు. మేమును ఈ పుటలలో అపుడపుడు చెప్పుచునే యున్నాము. కాని యా యువజనులను దినమునకు పండ్రెండు గంటలు తన వెనుక సీటులో గూర్చుండబెట్టుకొని తిరుగు మనుష్యుని యభిప్రాయము నడిగినవారు అరుదు. వారు చక్కగ ముస్తాబై సభకు వచ్చినపుడు ఆతడు చూడడు. ఉదయము నిద్రకండ్లతో పనికి పోవునపుడును, అర్ధరాత్రమున అలసి మరలునపుడును, తల్లితో ఫోనులో మాటలాడునపుడును, ఉద్యోగము పోయినదని తెలిసిన దినముననుగూడ ఆతడే చూచుచున్నాడు. హైదరాబాదు టాక్సీ డ్రైవరునకు నేటి యువతరమును గూర్చి తెలిసినంత వారి మేష్టర్లకు తెలియదు. ఒక్కొక్కచో తండ్రులకును తెలియదు.

ఈ మాట మాకు తోచినది మదీనాగూడ డ్రైవర్ల వలన. ముంబయికి పోవు రాజమార్గముపై మియాపూరునకును చందానగరునకును నడుమ, శేరిలింగంపల్లి మండలమున నున్న యూరది. ఒకప్పుడు పొలముల నడిమి పల్లె. దానికి పడమట రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము 1960వ దశకమున వెలసినది. ఆపై పటాన్‌చెరువులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనాలయము 1972లో వెలసినది. 1998 నవంబరులో మాదాపూరున సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించినది మొదలుగ ఊరి ముఖము ఆ వైపునకు తిరిగినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలకము మహానగర పాలక సంస్థలో గలిసిపోయినది. ఇప్పుడు పొలము గట్లు వెదకినను కానరావు. అపార్టుమెంట్లు, హాస్టళ్లు, మాల్ దుకాణములు, వాని ముందు వరుసగ టాక్సీలు.

టాక్సీలే యేల యని పాఠకులడుగ వచ్చును. మెట్రో రైలు 2017 నవంబరులో మియాపూరు వఱకు వచ్చి యచ్చటనే నిలిచినది. మదీనాగూడ వాడు మెట్రోలో హైటెక్ సిటీకి పోవలెనన్నచో ముందుగ మియాపూరు చేరి, అమీరుపేట దాక తూర్పునకు పోయి, అచ్చట బండి మారి, మరల పడమటకు రావలెను. చేయి చాచి ముక్కును పట్టుకొనుటకు బదులు తల వెనుకనుండి చుట్టి పట్టుకొనినట్లుండును. ఎంఎంటీఎస్ రైలు 2003 నుండియు గలదు గాని, దాని వేళలకు మన వేళలు కుదురుట యొక భాగ్యవిశేషము. కావున హఫీజుపేట వంతెన మీదుగ కొత్తగూడ దారిని పట్టి, వేలకొలది యువతీయువకులు దినదినము కారులోనో, ఆటోలోనో, మోటారు సైకిలు వెనుకనో పోవుచున్నారు. మెట్రోను పటాన్‌చెరువు వఱకు పొడిగింతురను ప్రతిపాదన గలదు. అది నెఱవేరు దాక వీరికి టాక్సీయే గతి.

ఆ దారిన పదేండ్లకు పైగ కారు నడుపుచున్న పాలమూరు ప్రాంతపు మనిషి యొకడు, ఏబది దాటినవాడు, మాతో చెప్పిన మాటలను ఇచ్చట వ్రాయుచున్నాము. ఆతని పేరు చెప్పము. చెప్పినచో ఆతనికేమి నష్టము కలుగునో ఈ వ్యాసమును కడదాక చదివినవారికి బోధపడగలదు.

ఆతని మొదటి ఫిర్యాదు మౌనమును గూర్చినది. మునుపు కారెక్కినవారు ఏ యూరని యడుగుచుండిరి. ఎందఱు పిల్లలని యడుగుచుండిరి. వానలు పడినవా యని యడుగుచుండిరి. ఇప్పటివారు ఎక్కగనే ఓటీపీ యను నాలుగంకెలు చెప్పుదురు, చెవులలో బిరడాలు పెట్టుకొందురు, దిగుదాక తలయెత్తరు. నాలుగంకెలు చెప్పి నలుబది నిమిషములు కూర్చుండి దిగిపోవువారిని దినమునకు పదిమందిని మోయుచున్నాననియు, ఇంటికి పోవునప్పటికి నోరు పాచిపట్టినట్లుండుననియు ఆతడనెను. ఇరువది మూడేండ్ల కుఱ్ఱవానిని తాను "సార్" అని పిలువవలెను. ఆ కుఱ్ఱవాడు తనను "భయ్యా" అని పిలుచును. ఇందు తనకు కోపము లేదనియు, పొట్టకూటి కొఱకు ఎవరినైనను సార్ అనవచ్చుననియు ఆతడే చెప్పెను. అయితే యొకనాడు ఒక బాలికను మేడం అనుటకు మాఱుగ నోరు జాఱి "బిడ్డా" అని పిలిచినాడట. ఆమె చెవులలోని బిరడాలు తీసి, తన యూరు కరీంనగరు దాపున ననియు, తండ్రికి చక్కెరవ్యాధి యనియు, దిగుదాక మాటలాడుచునే యున్నదట. ఆ మాట చెప్పునపుడు ఆతని కంఠమున ఫిర్యాదు లేదు.

రెండవది అప్పును గూర్చినది. తాను నలుబదియైదేండ్లు వచ్చిన పిదప జీవితమున మొదటి పెద్ద యప్పు చేసినాడు; అది కారు కొఱకు. ఈ పిల్లలు ఉద్యోగములో చేరిన యేడాదికే ఫోనునకొక కిస్తీ, మోటారు సైకిలునకొక కిస్తీ, ఇంకను కట్టి పూర్తికాని యింటికొక కిస్తీ నెత్తిన పెట్టుకొనుచున్నారు. వారి జీతము పెద్దది. గుండె చిన్నది యైపోయినదని యాతడనెను. 2022 చివరనుండి ప్రపంచమున పెద్ద పెద్ద సంస్థలు వేలకొలదిగ ఉద్యోగులను తొలగించిన కాలమున, మధ్యాహ్నమే సంచి భుజమున వేసికొని కారెక్కి, మాట లేక, కిటికీవైపు తిరిగి కన్నీరు తుడుచుకొనిన పిల్లలను తాను చూచితిననెను. ఏమి చెప్పి యోదార్చవలెనో తెలియక పాట ఆపివేసితిననెను. యువతరము భోగలాలసమై పోవుచున్నదని వేదికలనుండి చెప్పు పెద్దలు ఈ మాటను వినవలెను. ఆతనికి వారిలో నెక్కువగ కనబడినది భోగము గాదు, భయము.

మూడవది అబద్ధమును గూర్చినది. ఇది మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. రాత్రి రెండు గంటలకు పని ముగించి కారులో కూర్చున్న పిల్లవానికి ఊరినుండి తల్లి ఫోను చేయును. తిన్నావా యని యడుగును. తిన్నానమ్మా, ఎప్పుడో పడుకున్నాను, నీ ఫోనుకే లేచితిని అని పిల్లవాడు చెప్పును. వాడు తినలేదని ముందు కూర్చున్న డ్రైవరునకు తెలియును. ఏలనన, ఫోను పెట్టివేసిన తరువాత దారిలో ఇడ్లీబండి కనబడిన ఆపుమని వాడే యడుగును. ఈ పిల్లలు తల్లిదండ్రులతో నిన్ని యబద్ధములాడుదురా యని మొదట ఆతనికి రోతగ నుండెనట. క్రమముగ అవి మోసపుటబద్ధములు కావని తెలిసినదట.

ఇక దూషణలును కలవు. వానిని మేము దాచము. శుక్ర శనివారముల రాత్రులలో మద్యశాలలనుండి యెక్కి సీటు పాడుచేయువారు, కారును పిలిచి పదినిమిషములు నిలువబెట్టి రద్దుచేయువారు, సందు మూలమీద నిలిచి ఇంటి గుమ్మము దాక రాలేదని కసరువారు ఆతని జాబితాలో నున్నారు. ఫోనులోని పటము చూపిన దారిని పోయినను, చుట్టు త్రిప్పి తెచ్చితివని నిందించి ఒక్క నక్షత్రమిచ్చి దిగిపోయినవారును ఉన్నారు. నోటితో ఒక్క తిట్టు తిట్టినను బాగుండునని యాతడనెను. తిట్టునకు మాఱు మాట చెప్పవచ్చును, నక్షత్రమునకు మాఱు మాట లేదు గదా!

ఇప్పుడు మా మాట.

మౌనమును గూర్చి ఆతడు చెప్పినది యంతయు మేమంగీకరింపము. ముఖ్యముగ ఒంటరిగ నెక్కు స్త్రీల విషయమున. కారు నెంబరును ఫోటో తీసి ఇంటికి పంపుచున్నారు, నేను దొంగనా యని యాతడు బాధపడెను. బాధ నిజమే. కాని 2013 అక్టోబరులో మాదాపూరు ప్రాంతమున టాక్సీ యని నమ్మి కారెక్కిన ఒక సాఫ్టువేరు ఉద్యోగినిపై జరిగిన యత్యాచారమును ఈ నగరము మఱచిపోలేదు. మఱుసటి సంవత్సరము డిసెంబరులో ఢిల్లీ నగరమున, యాప్ ద్వారా పిలిచిన టాక్సీలోనే మఱియొక ఘోరము జరిగినది. ఆ రెంటి నడుమ, 2014 అక్టోబరులో, హైదరాబాదు పోలీసువారు షీ టీములను నెలకొల్పిరి. ఇన్ని యైన పిమ్మట ఒక యువతి తలవంచుకొని మాటలాడకుండ కూర్చుండి, తానెచ్చట నున్నదో ఇంటికి తెలుపుచున్నచో, అది గర్వమని యెవ్వరు నన గూడదు. ఆమె జాగ్రత్త ఆమె హక్కు. తప్పు చేసినవారు వేఱు, అనుమానమును మోయువాడు వేఱు. ఇది ఆ డ్రైవరునకు అన్యాయమే. కాని యా యన్యాయము చేసినది ఆ యువతి గాదు. ఈ మాట ఆతనితో ననగా కొంతసేపు ఊరకుండి, తనకును కూతురున్నదనెను.

మగపిల్లల మౌనమునకు ఈ సమాధానము చెల్లదు. వారిది అలవాటు. ముందు సీటులో నున్నది యంత్రములో నొక భాగమని వారికెవ్వరును చెప్పలేదు. కాని యా పద్ధతి యంతయు అట్లే తీర్పబడినది. బేరము లేదు, దారి చెప్పుట లేదు, చిల్లర యిచ్చిపుచ్చుకొనుట లేదు. పూర్వము జట్కావానితో తగవులాడుటకైనను మనము వాని ముఖమును చూడవలసి యుండెను.

చదువుకొన్న యువకుడును బండివాడును ఎదురుపడుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. 1897లో అచ్చయిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశము బండివానికి నేషనల్ కాంగ్రెసును గూర్చి దారి పొడవునను ఉపన్యసించును. అంతయు విని యా బండివాడు, తమ యూరి హెడ్డు కనిస్టేబును ఎప్పుడు బదిలీ చేయింతురని యడుగును. మనమందఱము బండివాని యజ్ఞానమునకు నవ్వితిమి, ఇంకను నవ్వుచున్నాము. కాని యోచించి చూడుడు. దేశమునకు మంచి జరుగునని యొకడు చెప్పుచుండగా, ఆ మంచి తన యూరి దాక ఎప్పుడు వచ్చునని యడుగుట యజ్ఞానమా? ఆ సంవాదములో తెలివియైన ప్రశ్న వేసినవాడు బండివాడొక్కడే. గిరీశము వద్ద దానికి సమాధానము లేదు.

మదీనాగూడ డ్రైవరుగూడ యువతరమును గూర్చి యంతయు చెప్పిన పిదప అట్టి ప్రశ్నయే యొకటి వేసెను. నా ఐడీ బ్లాకు చేసినచో నేనెవరి నడుగవలెను? అని.

ఐడీ బ్లాకు అనగా నేమో యెఱుగని పాఠకుల కొఱకు కొంచెము వివరింతుము. ఓలా సంస్థ 2010లో ఈ దేశముననే పుట్టినది. ఊబరు 2013లో వచ్చినది. తరువాత రాపిడో మొదలగునవి వచ్చినవి. డ్రైవరు తన కారును తానే కొని, తన డీజిలు తానే పోసికొని, ఈ సంస్థల యాప్‌లో పేరు నమోదు చేసికొనును. గిరాకి యెవరు, ఎంత దూరము, ఎంత కిరాయి యనునది యాప్ నిర్ణయించును. ప్రయాణికుడు దిగునపుడు ఐదింట నిన్ని నక్షత్రములని మార్కులు వేయును. డ్రైవరును ప్రయాణికునకు నక్షత్రములు వేయవచ్చును. అది మాకు తెలియును. అయితే ప్రయాణికునకు మార్కులు తగ్గినచో వాడు మఱియొక యాప్ తెఱచును, లేదా ఆటో యెక్కును. డ్రైవరునకు మార్కులు తగ్గినను, ఎవరైన ఫిర్యాదు చేసినను, ఒకనాటి యుదయము ఆతని ఖాతా తెఱచుకొనదు. దానినే వారు ఐడీ బ్లాకు అందురు. కారు గుమ్మము ముందే యుండును. కిస్తీ నెల మొదటి వారమున రానే వచ్చును. గిరాకి మాత్రము రాదు. ఫోను చేసిన రికార్డు చేసిన కంఠము పలుకును.

ఇందుచేతనే యాతని పేరు చెప్పమంటిమి.

2020 మార్చిలో దేశమంతయు మూతపడినపుడు ఈ కార్లన్నియు నెలల తరబడి నిలిచిపోయినవి. రిజర్వు బ్యాంకువారు ఆగస్టు నెలాఖరు దాక కిస్తీలకు విరామ మిప్పించిరి గాని వడ్డీ నడచుచునే యుండెను. సాఫ్టువేరు పిల్లలు ఇంటినుండియే పని చేసికొనిరి. వారి జీతము వారికి చేరినది. వారిని మోసినవాని చేతికి దమ్మిడీ రాలేదు. అయినను మరల రోడ్డు తెఱచుకొనగనే ఆతడు వచ్చి అదే గుమ్మము ముందు నిలిచెను.

యువతరమునకును డ్రైవరునకును మధ్య గల పొరపాటెట్టిదో ఒక్క యుదాహరణము చాలును. 2024 ఏప్రిలులో, ఎండలు మండుచున్న కాలమున, తెలంగాణ గిగ్ కార్మికుల సంఘమువారు టాక్సీలలో ఏసీ వేయము అని ప్రకటించిరి. వెనుక కూర్చున్న యువకుడు చెమటలు క్రక్కుచు, ఇంత కిరాయి యిచ్చుచుండగా ఈ డ్రైవరు దురాశాపరుడని తలచెను. డ్రైవర్ల లెక్క వేఱు. ఏసీతో నడుపుటకు కిలోమీటరునకు 16 మొదలు 18 రూపాయలగుచుండగా తమ చేతికి వచ్చునది 10 మొదలు 12 రూపాయలే యని వారు చెప్పిరి. ఇద్దఱును ఒకే కారులో నుండిరి. ఇద్దఱికిని ఉక్కగనే యుండెను. ఒకరినొకరు దొంగలని తలచుకొనిరి. కిరాయిని నిర్ణయించినది ఆ కారులో లేదు.

మన పాఠకులలో భూవసతి గలవారు దీనిని సులభముగ గ్రహింపగలరు. కౌలుదారునకును భూస్వామికిని తగవులు లేవని మేమనము, వలసినన్ని కలవు. కాని పంట కల్లమునకు వచ్చిన నాడు కుంచము ఇద్దఱి కన్నుల యెదుట పడును. ఎన్ని పుట్లయినదియు, ఎవరి భాగమెంతయు కౌలుదారునకు తెలియును. కొలత తప్పినచో కేకలు వేయుటకు ఊరున్నది, పెద్దమనుష్యులున్నారు, అవసరమైన కోర్టు ఉన్నది. కల్లము మూసి, కుంచము దాచి, నీ భాగమిదిగో యని తలుపు సందునుండి చేతిలో పెట్టినచో ఏ కౌలుదారు ఊరకుండును? టాక్సీ డ్రైవరునకు జరుగుచున్నది యిదియే. ప్రయాణికుడిచ్చిన దెంత, తనకు వచ్చిన దెంత, ఆ కోత యే లెక్కను పడినది యనునది ఆతడు ఫోను తెరపై వ్రేలితో వెదకికొనవలసినదే.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేమనము. 2020 నవంబరులో కేంద్రమువారు ఇట్టి సంస్థలకు మార్గదర్శకములను చేసి, కిరాయిలో నూటికి ఎనుబది వంతులకు తగ్గకుండ డ్రైవరునకు చెందవలెననిరి. 2025 జూలైలో వానిని మార్చి క్రొత్తవి చేసిరి; సొంత కారు గల డ్రైవరునకు ఎనుబది వంతులను నియమమును, ఆరోగ్య భీమా జీవిత భీమాల నియమములును నిలిచినవి. అయితే అందులో నొక నియమము మాకు వింతగ తోచినది. రేటింగులో అందఱికంటె అడుగున నున్న నూటికి ఐదుగురు మూడు నెలల కొకసారి శిక్షణకు పోవలెను. పోనిచో పనిలో నుండరాదు. వినుటకు బాగున్నది. కాని యెంత మంచివారిని వరుసగ నిలువబెట్టినను చివరి ఐదుగురు ఉండియే తీరుదురు గదా! తరగతిలో నందఱును తొంబది మార్కులు తెచ్చుకొనినను చివర నిలిచినవానికి బెత్తము దెబ్బ తప్పదను బడిని మేమెఱుగము. పైగ ఆ మార్కులు వేయువాడు నిద్రలేమితో నుండవచ్చును, పై యధికారితో మాటపడి యుండవచ్చును, వేళ మించినదని యుడికి యుండవచ్చును. మార్కులు వేయుట తనకొక యాట; అవతలివానికి అన్నము.

రాజస్థానమువారు 2023లో దేశమున మొట్టమొదటగ ఇట్టి పనివారి కొఱకు ప్రత్యేక శాసనము చేసిరి; కర్ణాటకమువారు 2025లో చేసిరి. మన రాష్ట్రమున 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ఇట్టి పనివారికి ఐదు లక్షల రూపాయల ప్రమాద భీమాను ప్రకటించిరి. 2025 ఏప్రిలులో ఒక ముసాయిదా శాసనమును ప్రకటించి ప్రజల యభిప్రాయములను కోరిరి. కేంద్రపు సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. సంస్థలు తమ యేటి రాబడిలో నూటికి ఒకటి మొదలు రెండు వంతులు ఈ పనివారి సంక్షేమ నిధికి చెల్లింపవలెనని యందు గలదు. ఇవన్నియు మంచివే. భీమా చచ్చినవాని కుటుంబమునకు ఉపకరించును. నిధి ముసలితనమున నుపకరించును. కాని బ్రతికి పనిచేయుచున్నవాడు, నిన్న సాయంకాలము ఖాతా మూతపడినవాడు, నేడు ఉదయము ఎవరి గుమ్మము నెక్కవలెను? కారణము చెప్పక, ముందుగ నోటీసు నీయక, మనుష్యుడొకడు ఎదుట కూర్చుండి వినక, ఎవ్వరి ఖాతానైన మూయగూడదు. స్త్రీల భద్రతకు సంబంధించిన ఫిర్యాదులలో మాత్రము వెంటనే నిలుపుట యవసరము. అందును విచారణ దినములలో ముగియవలెను, నెలలలో గాదు. ఈ యొక్క నియమము లేని శాసనము ఎన్ని సెక్షన్లున్నను డ్రైవరుకు పనికిరాదు.

సహకార పద్ధతిని గూర్చియు నొక మాట. 2025లో సహకార టాక్సీ సంఘమొకటి బహుళ రాష్ట్ర సహకార సంఘముగ రిజిస్టరైనది. పాల విషయమున గుజరాతువారు సహకారముచే సాధించినది లోకమెఱుగును. టాక్సీకి అది యెంతవఱకు చెల్లునో కాలమే చెప్పవలెను. పాలు పోయువాడు ఊరిలోనే యుండును, టాక్సీవాడు నిలకడ లేనివాడు. అయినను కుంచము తన చేతిలో నుండు మార్గ మిదియొకటి కలదని డ్రైవర్లు తెలిసికొనుట మేలు.

మేము ఈ విషయమును యువతరము ప్రస్తావనలో నేల తెచ్చితిమనగా, ఆ యాప్‌లను వ్రాయువారు ఈ యువజనులే గనుక. ఏ గిరాకి ఎవరికి పోవలెను, వాన పడినపుడు కిరాయి ఎంత పెరుగవలెను, ఎన్ని నక్షత్రములు తగ్గిన ఎవరి తలుపు మూతపడవలెను అను లెక్కలను హైదరాబాదులోనో బెంగుళూరులోనో మేడలలో కూర్చుండి కట్టుచున్నది ఇరువదియైదు ముప్పది యేండ్లవారు. వారు దుష్టులు గారు. మదీనాగూడనుండి కారెక్కి పోవు మన పిల్లలే. తాము కట్టిన లెక్క తమ ముందు సీటులోని మనుష్యుని మెడపై నెట్లు పడుచున్నదో వారికి తెలియదు. ఏలనన వారాతనితో మాటలాడరు. డ్రైవరు మౌనమును గూర్చి ఫిర్యాదు చేసినపుడు అది మర్యాదను గూర్చిన ఫిర్యాదని మొదట మేము తలచితిమి. మర్యాద లేకున్నను మనిషి బ్రతుకును. చెప్పుకొనుటకు చోటు లేనిచో బ్రతుకుట కష్టము. ఏ లెక్కకు తాను లోబడి యున్నాడో ఆ లెక్క కట్టినవారు తన వెనుకనే కూర్చుండి, నాలుగంకెలు చెప్పి దిగిపోవుట ఆతనికి దుర్భరముగ నున్నది.

పిల్లల స్థితియు ఇంతకంటె మేలుగ లేదు. వారికిని ప్రతి సంవత్సరమును పై యధికారులు మార్కులు వేయుదురు. అడుగున నిలిచినవాని కుర్చీ మరునాడుండదు. ఐడీ బ్లాకగుట డ్రైవరునకు ఫోనులో, వీరికి గుమ్మము వద్ద చీటీ పనిచేయకపోవుటలో. ఒకే భయము కారులో ముందు సీటునను వెనుక సీటునను కూర్చుండి ప్రయాణము చేయుచున్నది. పెద్ద జీతము వలన అది తగ్గినట్లు మాకు కనబడలేదు. సాఫ్టువేరు ఉద్యోగులు సంఘములు పెట్టుకొనుటకు సంకోచింతురు. అది కూలివారి పద్ధతి యని వారిలో కొందఱి యభిప్రాయము. ఈ విషయమున డ్రైవర్లు వారికంటె ముందున్నారు. 2017వ సంవత్సరారంభమున నగరమందలి టాక్సీ డ్రైవర్లు దినముల తరబడి కార్లను నిలిపి సమ్మె చేసిరి. 2025 మార్చిలో తక్కువ కిరాయిలకు శంషాబాదు విమానాశ్రయమునకు పోమని బహిష్కారము ప్రకటించిరి. గెలిచినది కొంచెమే. కాని తమకొక నోరున్నదని చూపిరి.

మదీనాగూడ డ్రైవరునకొక కుమారుడున్నాడు. 2008లో ఉమ్మడి రాష్ట్రమున ప్రారంభమైన బోధన రుసుముల పథకపు టాసరాతో ఇంజనీరింగు కళాశాలలో చేరినాడు. మొదటి యేడాది తండ్రి కారులోనే దిగబెట్టుచుండెను. రెండవ యేడాది కళాశాలకు అర్ధ ఫర్లాంగు దూరమున ఆపుమని కుమారుడు కోరెను. తెల్ల కారు, పసుపు నెంబరు పలక తోడివారు చూతురని. తండ్రి ఏమియు ననక అచ్చటనే ఆపుచున్నాడు. ఇప్పటివారికి సిగ్గు లేదని యందఱు ననుచున్నారు, మావానికి వలసినదానికంటె నెక్కువ యున్నది అని యాతడు నవ్వెను. యువతరమును గూర్చి యాతడు చెప్పిన మాటలన్నిటిలో ఇది యొక్కటియే పరాయి పిల్లలను గూర్చినది గాదు. ఆ కుమారునకు మేము చెప్పవలసినది యున్నది గాని, తండ్రియే చెప్పనిది మేము చెప్పుట తగదు.

డ్రైవర్ల ఫిర్యాదులను వినుటకు మండలమునకొక యధికారిని నియమింపవలెనని మేము కోరుచున్నాము. శేరిలింగంపల్లి మండలమునుండియే దీని నారంభింపవచ్చును; యాప్ టాక్సీలకు గిరాకి మిక్కిలిగ గల చోటది. సంస్థల ప్రతినిధి యొకడు వారమునకు రెండు దినములైన అచ్చట స్వయముగ కూర్చుండవలెను. ఖాతా మూసిన కారణమును తెలుగులోను ఉర్దూలోను వ్రాతపూర్వకముగ నీయవలెను. ఇది యొక కుర్చీ, ఒక బల్ల, ఒక మనిషి పని. దీనికి శాసనసభ యనుమతి కొఱకు వేచియుండ నవసరము లేదు.

అపార్టుమెంట్ల సంఘములవారికిని ఒక మనవి. కారు పిలిచి పదినిమిషములు నిలువబెట్టునపుడు, గేటులోపల మరుగుదొడ్డికి పోవుటకు డ్రైవరునకు అనుమతి నీయుడు. రాజమార్గము పొడవున వారికి వేఱొక చోటు దొరకుట కష్టము. దీనిని గూర్చి సంఘపు సభలో తీర్మానము చేయుటకు కాలయాపన మగునేని, కావలివానికి ఒక్క మాట చెప్పిన చాలును.